శ్లాబుల లెక్కకు అందని దూరం

పేదల ఇళ్ల మీద సమీక్షా సమావేశం కదిరిలో జరిగినా, కాకినాడలో జరిగినా అడిగే ప్రశ్నలు ఒక్కటే. ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయి? ఎన్ని బేస్‌మెంట్ దాటాయి? ఎన్నింటికి శ్లాబు పడింది? ఎన్నింటికి తుది బిల్లు చెల్లించారు? ఈ అంకెలే మండలాల వారీగా పట్టికలకెక్కుతాయి. వెనుకబడిన మండలానికి మందలింపు, ముందున్న మండలానికి మెచ్చుకోలు దక్కుతాయి. ఆ ఇల్లు ఊరికి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎవరి ఇళ్ల పక్కన లేచిందన్నది మాత్రం చర్చకు రాదు. మన పల్లెల్లో మనిషి కులం తెలుసుకోవడానికి పేరు అడగనక్కరలేదు, ఇల్లెక్కడో అడిగితే చాలు. అలాంటి సమాజంలో ప్రజాధనంతో కట్టే ఇంటి పనితీరును కొలిచేటప్పుడు ఆ ఇంటి స్థానాన్ని వదిలేయడం చిన్న లోపం కాదు. పాత వెలిని కొత్త సిమెంటుతో కట్టినా ఈ కొలమానం ప్రకారం అది నూరు శాతం ప్రగతిగానే నమోదవుతుంది.

కదిరి చుట్టూ తలుపుల, గాండ్లపెంట, నల్లచెరువు, తనకల్లు, నంబులపూలకుంట మండలాలున్నాయి. వర్షాధారపు వేరుశనగ, అరకొర చెరువులు, బెంగళూరు దారి పట్టే కూలీలు ఈ ప్రాంతపు బతుకు రూపం. అనంతపురం సీమలో దళితవాడకు గేరి అన్న మాట వాడుక. కులాన్ని అంత కటువుగా ప్రశ్నించిన వేమన సమాధి ఉన్న కటారుపల్లి ఈ గాండ్లపెంట మండలంలోనిదే. ఆయన పేరు ఇంత భక్తితో చెప్పుకునే సీమలో సైతం చిరునామా కులాన్ని చెప్పడం మానలేదు.

గేరి సంప్రదాయం సృష్టించిందే. ‘ఎస్సీ కాలనీ’ మాత్రం ప్రభుత్వ సృష్టి. ఈ తేడాను గుర్తించకపోతే గృహనిర్మాణ పథకాల చరిత్ర అర్థం కాదు. ఎస్సీల ఇళ్ల స్థలాల కోసం సాంఘిక సంక్షేమ శాఖ భూమి సేకరించే పద్ధతి దశాబ్దాలపాటు నడిచింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తరువాత ఎన్.టి.రామారావు ప్రభుత్వం పక్కా ఇళ్లను పెద్ద ఎత్తున చేపట్టింది. 1985-86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజనను ఎస్సీలు, ఎస్టీలు, వెట్టి నుంచి విముక్తులైన కూలీల కోసం ప్రారంభించి, 1993-94 నుంచి ఇతర గ్రామీణ పేదలకు విస్తరించింది. ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం అన్న నియమం అక్కడి నుంచి వచ్చిందే. ఈ పథకాలు మేలు చేయలేదనడం అన్యాయం. వానకు కూలే మట్టిగోడ స్థానంలో ఇటుక గోడ, చిల్లులు పడ్డ కొట్టం స్థానంలో శ్లాబు రావడం ఒక తరం జీవితాన్ని మార్చిన సంగతి. అయితే ఆ ఇళ్లకు స్థలం ఎక్కడ దొరికింది? ఊరి నడుమ భూమి ఉన్నవారు అమ్మరు. సేకరించడానికి అధికారికి ధైర్యం చాలదు. చివరకు పాత గేరిని ఆనుకునో, అంతకన్నా దూరంగానో, గుట్ట వాలులోనో, వంక గట్టునో మిగిలిన భూమిలో లేఅవుటు వేస్తారు. దూరాన్ని ఆచారం నిర్ణయించినంత కాలం దాన్ని వాదించి చెరిపే వీలుండేది. రెవెన్యూ పటంలో సర్వే నంబరుగా ఎక్కిన తరువాత అది ప్రభుత్వమే గీసిన హద్దు అయింది.

దూరమంతా అవమానమేనని కూడా చెప్పలేం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలపై దాడి జరిగిన తరువాత బాధితులు ఊరు విడిచి చీరాలకు చేరారు. అక్కడ విజయనగర్ కాలనీ వెలసింది. ఊరికి దూరంగా ఉండటమే ఆ ఇళ్లకున్న మొదటి విలువ. గ్రామం నుంచి విడిగా నివాసాలు కావాలన్న డిమాండును అంబేడ్కర్ సైతం ఒక దశలో గట్టిగా ముందుకు తెచ్చారు. కనుక ఊరిలోపలి ఇల్లు మంచిది, బయటి ఇల్లు చెడ్డది అన్న సూత్రంతో కొలవడానికి పూనుకుంటే మరో తప్పు చేసినవాళ్లమవుతాం. ఆ చోటును ఎవరు ఎంచుకున్నారన్నదే అసలు ప్రశ్న. లబ్ధిదారు కోరుకున్న దూరం వేరు, ఆమెకు మిగిల్చిన దూరం వేరు. ఏ పథకమూ ఈ రెండింటినీ విడదీసి నమోదు చేసిన జాడ లేదు.

ఇప్పుడున్న కొలమానాలను తేలిక చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒకప్పుడు కట్టని ఇళ్లకు బిల్లులు లేచిన ఉదంతాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తెలంగాణ ఏర్పడిన కొత్తలోనే, 2014లో, ఇందిరమ్మ ఇళ్ల అక్రమాలపై సీబీ-సీఐడీ విచారణకు ఆదేశించారు. పునాది నుంచి శ్లాబు దాకా ప్రతి దశలో ఇంటి ఫొటో తీసి అక్షాంశ, రేఖాంశాలతో నమోదు చేసే జియోట్యాగింగ్ వచ్చాక కాగితపు ఇళ్లు చాలావరకు తగ్గాయి. గ్రామీణ పథకంలో ఒక ఇల్లు పూర్తి కావడానికి పట్టే సగటు కాలం 2015-16లో 314 రోజులుండగా 2017-18 నాటికి 114 రోజులకు తగ్గిందని జాతీయ ప్రజా ఆర్థిక విధాన సంస్థ అధ్యయనం చెప్పింది. ఇది సాధారణ విజయం కాదు. కాకపోతే సగటు అనేది అందరినీ ఒకే వరుసలో నిలబెట్టే అంకె. ఆ 114 రోజుల్లో ముందే ముగించింది ఎవరు, రెండేళ్లు ఈడ్చింది ఎవరు అన్న ప్రశ్నకు సగటులో జవాబు దొరకదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒకే పంచాయతీలో ఇద్దరు మహిళలకు ఒకే రోజున ఇల్లు మంజూరైంది. మొదటి ఆమెకు ఊళ్లో సొంత స్థలం, నాలుగెకరాల చేను, సిమెంటు అప్పుగా ఇచ్చే దుకాణంలో పరిచయం ఉన్నాయి. రెండో ఆమె భూమిలేని కూలీ. ప్రభుత్వ సాయం దశల వారీగా, పని జరిగిన తరువాత వస్తుంది. అంటే ప్రతి దశకూ ముందు తన చేతి డబ్బు పెట్టాలి. మొదటి ఆమె పెట్టుబడి పెట్టి బిల్లు కోసం ఎదురుచూస్తుంది. రెండో ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తుంది, లేదా భర్త బెంగళూరులో ఎవరి మేడకో సెంట్రింగు పనికి పోయి డబ్బు పంపేవరకు గోడలను అలాగే వదిలేస్తుంది. రెండేళ్లకు రెండు ఇళ్లూ పూర్తయ్యాయనుకుందాం. పట్టికలో రెండూ ఒకే గడిలో చేరుతాయి. ఒక ఇంటి కింద ఆస్తి ఉంది, ఇంకో ఇంటి కింద అప్పు ఉంది. ఆ అప్పు కులవ్యవస్థ తాలూకు భూమిలేమికి నేటి రూపం. పథకం దాన్ని తీర్చలేదు సరికదా, దానికి ఇంకొంత చేర్చింది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదనుకోనక్కరలేదు. 2020 డిసెంబర్ 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో 30 లక్షల మందికి పైగా మహిళల పేరిట పట్టాలిచ్చి, ఇంటికి రూ.1.80 లక్షల చొప్పున సాయం నిర్ణయించారు. దానికి తోడుగా పావలా వడ్డీ మీద రూ.35 వేల బ్యాంకు రుణం చూపారు. ఆ మొత్తం చాలదని లబ్ధిదారులు మొదటి రోజు నుంచే చెబుతూ వచ్చారు. 2025 మార్చిలో కొత్త ప్రభుత్వం అసంపూర్తి ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు రూ.లక్ష. కులాన్ని బట్టి, తెగను బట్టి ఇల్లు ఆగిపోయే అవకాశం మారుతుందని ప్రభుత్వమే తన ఉత్తర్వుతో ఒప్పుకున్నట్టు దీని అర్థం. మంచి నిర్ణయమే. కానీ రూ.50 వేలు అన్న అంకె ఏ సర్వే నుంచి, ఏ అప్పుల లెక్క నుంచి వచ్చింది? లోటు ఎంతో కొలిచి ఇచ్చిన సాయమైతే దాని ఆధారాన్ని ప్రజల ముందు పెట్టవచ్చు. అంచనాతో ఇచ్చినదైతే ఇప్పుడైనా కొలవవచ్చు.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. దాని మీద మన దళిత, గిరిజన సంఘాలు కూడా చాలినంత దృష్టి పెట్టలేదని నా అభిప్రాయం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండు రకాలు. 2016 నవంబర్‌లో మొదలైన గ్రామీణ పథకంలో లక్ష్యంలో 60 శాతం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలన్న నియమం ఉంది. 2015 జూన్‌లో మొదలైన పట్టణ పథకంలో వారికి ప్రాధాన్యం ఇవ్వాలన్న మాటే తప్ప అలాంటి కోటా లేదు. 2011 లెక్కల ప్రకారం జనాభాలో మూడో వంతు కూడా పట్టణవాసులు లేని ఆంధ్రప్రదేశ్‌కు పట్టణ పథకం కింద 20 లక్షలకు పైగా ఇళ్లు మంజూరయ్యాయి. దేశంలో మరే రాష్ట్రానికీ అన్ని రాలేదు. ఎలా సాధ్యమైంది? వేలాది గ్రామాలను పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి తెచ్చి, అక్కడి ఇళ్లను పట్టణ పథకంలో చూపారు. గ్రామీణ పథకంలో కేంద్ర, రాష్ట్రాలు కలిపి ఇచ్చేది రూ.1.20 లక్షలు కాగా, పట్టణ పథకంలో కేంద్రం ఒక్కటే రూ.1.50 లక్షలు ఇస్తుంది. రాష్ట్ర ఖజానా కోణంలో ఇది తెలివైన పని. పార్టీల తేడా లేకుండా ప్రభుత్వాలు ఆ దారినే నడిచాయి. అయితే పల్లె పల్లెగానే ఉండి, కాగితం మీద మాత్రం పట్టణమైనప్పుడు, 60 శాతం అన్న హామీ కూడా కాగితం మీద నుంచి జారిపోయింది. ఎస్సీ, ఎస్టీలకు చివరకు దక్కిన వాటా దాని వల్ల పెరిగిందా, తగ్గిందా? పట్టాలు పొందినవారిలో వారు గణనీయంగానే ఉండవచ్చు. కానీ ఉండవచ్చు అనేది హక్కు కాదు. ఒకప్పుడు చట్టబద్ధమైన నియమంలా నిలబడ్డది దయాధర్మంగా మారిందా లేదా అన్నది తేల్చడానికి మండలాల వారీగా, వర్గాల వారీగా పూర్తయిన ఇళ్ల జాబితా ఒక్కటి బయటపెడితే చాలు.

స్థలం విస్తీర్ణం సంగతి అందరికీ తెలిసిందే కనుక దాని మీద ఎక్కువ చెప్పను. పట్టణంలో ఒక సెంటు, గ్రామంలో సెంటున్నర ఇచ్చారు. సెంటు అంటే 48 చదరపు గజాల చిల్లర. ఇప్పుడు రెండు, మూడు సెంట్లంటున్నారు. ఇక్కడ గమనించవలసింది వృత్తి. ధర్మవరం నేతగాడికి ఇల్లే కార్ఖానా. గుంతమగ్గానికి ఒక గది పోతే, ఆసు పోయడానికి, నూలుకు, మనుషులు పడుకోవడానికి మిగిలేది ఎంత? గొర్రెలు పెంచుకునే కురుబ కుటుంబం దొడ్డిని ఎక్కడ కట్టుకోవాలి? ఉద్యోగి ఇంటికి నివసించే జాగా ఉంటే సరిపోతుంది. ఉత్పత్తి కులాల ఇంటికి పనిచేసే జాగా కూడా కావాలి. అందరికీ ఒకే కొలత అన్న సమానత్వం ఇక్కడ ఒక బీసీ కులాన్ని తన వృత్తి నుంచి ఖాళీ చేయించి హిందూపురం, పెనుకొండ ఫ్యాక్టరీల గేటు దగ్గర నిలబెట్టే సాధనంగా మారగలదు. వృత్తి మారడం తప్పు కాదు, అది ఇంటి నమూనా వల్ల జరగడం తప్పు.

ఇక నివాసం. పూర్తయిన ఇల్లు వేరు, కాపురమున్న ఇల్లు వేరు. కదిరి ప్రాంతం నుంచి బెంగళూరుకు, కేరళకు వలస వెళ్లేవారు లెక్కలేనంత మంది. తాళం వేసిన ఇల్లు చూసి ‘వీరికి ఇల్లు అవసరం లేదు’ అనే అధికారి ఒకరైతే, ‘పథకం విఫలమైంది’ అనే విమర్శకుడు ఇంకొకరు. రెండూ తొందరపాటు మాటలే. అహ్మదాబాద్‌లో 1987లో మురికివాడల మహిళలకు లాటరీ ద్వారా ఊరి బయట, దాదాపు 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లు ఇచ్చారు. పద్నాలుగేళ్ల తరువాత వారి స్థితిని బార్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. లాటరీలో గెలిచినవారిలో 34 శాతం అసలు అక్కడికి వెళ్లనే లేదు. 32 శాతం వెళ్లి వెనక్కి వచ్చేశారు. లాటరీలో ఓడినవారితో పోలిస్తే గెలిచినవారి ఆదాయంలో గానీ, పిల్లల పరిస్థితిలో గానీ తేడా కనిపించలేదు. బంధువులకు, సొంత కులస్తుల తోడ్పాటుకు దూరమయ్యామని వారు చెప్పారు. అక్కడ ఇల్లు మెరుగైంది, జీవితం మెరుగుపడలేదు. పద్నాలుగేళ్లు ఆగి అడిగారు కాబట్టి ఆ సంగతి తెలిసింది. మన దగ్గర ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, పేరుతో పాటు లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇందిరమ్మ ఇంట్లో పెరిగిన పిల్ల ఏమైందో అడిగే తీరిక ఎవరికీ లేదు.

పరిస్థితి ఇలా ఉన్నా, ఇటీవలి లేఅవుట్లలో ఒక అవకాశం దాగి ఉంది. పాత కాలనీలు కులాల వారీగా వెలిశాయి. 2020 తరువాతి లేఅవుట్లలో అర్హులైన పేదలందరినీ ఒకే చోట చేర్చారు. లాటరీ పద్ధతిన ప్లాట్లు కేటాయించిన చోట మాదిగ, బోయ, ముస్లిం, బలిజ, రెడ్డి పేదల ఇళ్లు ఒకే వరుసలో పడి ఉండాలి. అనంతపురం సీమ సామాజిక చరిత్రలో ఇది మామూలు విషయం కాదు. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం 1997లో ఇదే లక్ష్యాన్ని బాహాటంగా ప్రకటించి ‘సమత్వపురం’ కాలనీలు కట్టింది. వంద ఇళ్లలో 40 దళితులకు, 25 వెనుకబడిన, 25 అతి వెనుకబడిన తరగతులకు, 10 ఇతరులకు. సింగపూర్ 1989 నుంచి ప్రభుత్వ నివాస సముదాయాల్లో జాతుల వారీగా పరిమితులు పెట్టి, ఏ సముదాయమూ ఒకే జాతిదిగా మారకుండా చూస్తోంది. అమెరికాలోని షికాగోలో ప్రభుత్వ ఇళ్లన్నీ నల్లజాతి పేటల్లోనే కడుతున్నారని డొరొతీ గాట్రో తదితరులు 1966లో కోర్టుకెక్కారు. 1976లో సుప్రీంకోర్టు ఆ వేర్పాటుకు పరిష్కారం నగరపు హద్దు దాటి కూడా వెతకవచ్చని చెప్పింది. ఆ వ్యాజ్యం ఎన్ని ఇళ్లు కట్టారన్న దాని మీద కాదు, ఎక్కడ కట్టారన్న దాని మీద.

మన లేఅవుట్లలో అనుకోకుండా జరిగిన ఈ కలయిక నిలిచిందా? పట్టా తీసుకున్న తరువాత ఏ కులాల వారు వచ్చి కాపురముంటున్నారు, ఎవరు అద్దెకిచ్చి ఊళ్లోనే ఉండిపోయారు? ఒక కులం వాళ్లు ఇంకో కులం పక్క ప్లాటు వద్దని లోపాయికారీగా మార్చుకున్న చోట్లు ఉన్నాయా? ఒకే బోరు దగ్గర అందరూ నీళ్లు పట్టుకుంటున్నారా? కులనిర్మూలన కోరే రాజ్యాంగం కింద నడిచే ప్రభుత్వం తన ప్రయోగం ఫలితాన్ని తెలుసుకోవాలనుకోకపోవడం నాకు వింతగా తోస్తుంది.

కులాల వారీగా కొలిస్తే కులం బలపడుతుందన్న అభ్యంతరం ఎప్పుడూ ఉంటుంది. దానికి 2011 జనగణన గృహగణన పట్టికలే సమాధానం. దేశంలో ఇంటి ఆవరణలోనే తాగునీరు ఉన్న కుటుంబాలు మొత్తం మీద 47 శాతం. ఎస్సీల్లో అది 35 శాతం, ఎస్టీల్లో 20 శాతం. మరుగుదొడ్డి ఇంట్లో ఉన్న కుటుంబాలు మొత్తం మీద 47 శాతమైతే ఎస్సీల్లో 34, ఎస్టీల్లో 23. ఈ విభజన లేకపోతే సగటు 47 దగ్గరే మన జ్ఞానం ఆగిపోయేది. ఎస్సీ అన్న ఒక్క గడి కూడా ఇక చాలదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణను సమర్థించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసింది. రిజర్వేషన్లలో మాదిగలు, మాలలు, రెల్లి తదితరుల వాటా వేరుగా లెక్కించాలని ఒప్పుకున్న ప్రభుత్వం ఇళ్ల దగ్గర అందరినీ ఒకే మూటలో కట్టడానికి కారణం కనిపించదు. అలాగే సుగాలి తండా అవసరం వేరు, ఎరుకల కుటుంబం అవసరం వేరు. కదిరి పట్టణంలో పెద్ద సంఖ్యలో ఉన్న ముస్లిం పేదల, దూదేకుల వారి అద్దె బతుకు ఇంకా వేరు.

కొత్తగా లక్షల మందిని సర్వేకు పంపనక్కరలేదు. ప్రతి ఇంటి అక్షాంశ, రేఖాంశాలు ప్రభుత్వ సర్వర్లలో ఇప్పటికే ఉన్నాయి. లబ్ధిదారు కులం దరఖాస్తులోనే ఉంది. బడి, రేషన్ దుకాణం, ఆరోగ్య ఉపకేంద్రం, బస్సు ఆగే చోటు ఎక్కడున్నాయో కూడా నమోదై ఉంది. ఈ మూడింటినీ కలిపి ఏ వర్గం ఇల్లు సగటున దేనికి ఎంత దూరంలో ఉందో గణించడం ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి చేయగల పని. విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాలు చదివే పరిశోధక విద్యార్థులు సమాచార హక్కు చట్టం కింద వ్యక్తుల పేర్లు లేకుండా ఈ వివరాలు అడగవచ్చు. ఒక్క కదిరి నియోజకవర్గంలోని ఆరు మండలాలకు చేసి చూపినా చర్చ మారుతుంది. అప్పు, నివాసం, ఎంపిక స్వేచ్ఛ అనే మూడు సంగతులు మాత్రం సర్వర్లలో దొరకవు. వాటిని మనుషుల్ని అడగాలి. గ్రామీణ పథకం మార్గదర్శకాల్లో ఏటా సామాజిక తనిఖీ చేయాలన్న నిబంధన ఉండనే ఉంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశానికి ప్రారంభించింది ఈ అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. మస్టర్ రోలును గ్రామసభలో పైకి చదివి ‘ఈ కూలి నీకు ముట్టిందా?’ అని అడిగే పద్ధతిని ఆ పథకంలో దేశానికి చూపిన రాష్ట్రం మనది. అదే తనిఖీ బృందం పట్టణ పథకం కింద చూపిన పల్లె ఇళ్లకూ వెళ్లాలి. సభను పంచాయతీ కార్యాలయం ముందు కాక గేరిలో, తండాలో, లేఅవుటు మొదటి వీధిలో పెట్టాలి. ‘ఈ చోటు నువ్వు కోరుకున్నదేనా? ఇంటి మీద ఇంకా ఎంత అప్పు ఉంది? పక్కింటి వాళ్లు నీ ఇంట్లో నీళ్లు తాగుతారా?’ అన్న ప్రశ్నలకు వచ్చిన జవాబులను శ్లాబుల అంకె పక్కనే, అదే పట్టికలో, అదే అధికారి సంతకంతో ప్రచురించాలి.